అమ్మమ్మ వేసిన బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

పాత పెయింటింగులు బాగుచేయడం నా పని. హైదరాబాద్‌లో ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేవాళ్ళు సామాను సర్దుతూ బొమ్మలు పట్టుకొస్తుంటారు. "ఇది తాతగారు కొన్నది, జాగ్రత్తండీ. అది అమ్మమ్మ టైంపాస్‌కి వేసింది, ఫ్రేము పనికొస్తే వాడుకోండి." ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది.

అపోహ: ఆడవాళ్ళు వేసేది కాలక్షేపానికే. అందుకే పాతకాలంలో పెద్ద చిత్రకారిణులు లేరు.

లేకేం? హాలండ్‌లో జూడిత్ లీస్టర్ 1633లోనే హార్లెం చిత్రకారుల సంఘంలో చేరింది. పోయాక ఆవిడ బొమ్మలు ఫ్రాన్స్ హాల్స్ అనే పేరున్న మగ చిత్రకారుడి ఖాతాలో పడ్డాయి. హాల్స్‌దని అమ్మిన ఒక చిత్రం మీద ఆవిడ పొడి అక్షరాలు, వాటితో కలిపి వేసిన చిన్న నక్షత్రం ఉన్నాయని 1893లో తేలింది. తేలాక, ఆ చిత్రం కొన్న వ్యాపారులు సంబరపడలేదు, కోర్టుకెక్కారు.

మన ఇళ్ళల్లో అంత రాద్ధాంతం కూడా జరగదు. సంతకం తరచూ ఫ్రేము అంచు కిందే ఉంటుంది. కొలత కుదరలేదని షాపువాడు అర అంగుళం కోస్తాడు, దాంతో పేరూ పోతుంది. మారేడ్‌పల్లి నుంచి ఒకావిడ నీటిరంగుల బొమ్మ తెచ్చారు, మేనమామ వేశాడని ఇంట్లో అందరి నమ్మకం. వెనక అట్ట విప్పితే పెన్సిల్‌తో వాళ్ళమ్మ పేరు, తేదీ, దాని కిందే చాకలి పద్దు: దుప్పట్లు 4, పంచెలు 6. బొమ్మకన్నా ఆ పద్దునే ఎక్కువసేపు చూశారావిడ.

కాబట్టి ఫ్రేము విప్పకముందే ముందూ వెనకా ఫోటోలు తీయండి. అట్ట పారేయొద్దు, అంచు కోయనివ్వొద్దు, లామినేషన్ ఊసే ఎత్తొద్దు. ఎవరు వేశారో తెలిసిన పెద్దవాళ్ళుంటే ఇవాళే అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇప్పటికే పారేశామని కుమిలిపోయేవాళ్ళు పాత పెళ్ళి ఆల్బమ్‌లు తిరగేయండి. మనుషుల వెనక గోడ మీద ఆ బొమ్మ పడి ఉండొచ్చు.

అపోహ: ఆడవాళ్ళకి పువ్వులూ పళ్ళూ వేయడమే ఇష్టం.

మోడల్‌ని చూసి మనుషుల్ని గీయడం నేర్చుకునే క్లాసులోకి రానిస్తే కదా ఇష్టం సంగతి! 1768లో లండన్‌లో పెట్టిన కళాసంస్థ రాయల్ అకాడమీ వ్యవస్థాపకుల్లో ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్ అనే చిత్రకారిణులు ఉన్నారు. అయినా సభ్యులందరి గ్రూప్ చిత్రంలో, నగ్నంగా ఉన్న మోడల్ ముందు ఆడవాళ్ళు ఉండకూడదని, ఆ ఇద్దరినీ గోడకి తగిలించిన పటాలుగా వేశారు. పారిస్‌లోని కళల కాలేజీ ఎకోల్ దె బోజార్ 1897లోగానీ అమ్మాయిలకి తలుపు తీయలేదు. ఆ తలుపు తెరుచుకోబట్టే తర్వాత మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ అక్కడ చదవగలిగింది.

అపోహ: బంగాళాదుంప ముక్కతో రుద్దితే బొమ్మ మెరుస్తుంది. దుంప కూరకి వాడుకోండి.

అపోహ: పాత బొమ్మ ఇంట్లో ఉంటే గవర్నమెంటు పట్టుకుపోతుంది.

వాట్సాప్ పుకారు. 1972 నాటి పురావస్తువులు, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన చిత్రం పురావస్తువు. దాన్ని నమోదు చేయించాలి, దేశం దాటించకూడదు. అంతేగానీ ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. షేర్‌గిల్ చిత్రాలను కళాసంపదగా ప్రకటించారు కాబట్టి నూరేళ్ళు నిండకపోయినా బయటికి పంపడానికి లేదు. మీ అమ్మగారు 1970లో వేసింది డాలస్ తీసుకెళ్ళడానికి అంత టెన్షన్ అక్కర్లేదు. పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి, కస్టమ్స్‌లో చూపించొచ్చు. కాన్వాసు చుట్టాల్సి వస్తే మాత్రం రంగు వైపు బయటికి పెట్టి, లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టండి.