యూజీడీ వచ్చింది, మరి పిట్టు సంగతేంటి? బెంగళూరు ఇళ్ళలో నేను రోజూ వినే అపోహలు

మాది పలమనేరు. బెంగళూరుకు ప్లంబింగు పనికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. రామమూర్తినగర్, హొరమావు వైపు నాకు పని ఇచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగోళ్ళే. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల్లో చాలా వీధులకు భూగర్భ మురుగు లైను, అదే ఇక్కడందరూ యూజీడీ అనేది, ఆలస్యంగానే చేరింది. 2024 అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలయ్యాక ఆ వైపు కొళాయి నీళ్ళూ వస్తున్నాయి. నీళ్ళు పెరిగితే మురుగూ పెరుగుతుంది. రెండేళ్ళకోసారి నిండే పిట్టు, అంటే ఇంటి మురుగు పోయే గుంత, ఆర్నెల్లకే పొంగుతుంది. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది.

"మాది సెప్టిక్ ట్యాంకే అన్నా, బాగానే పనిచేస్తోంది."

మూత తీసి చూస్తే చాలా ఇళ్ళలో అది ట్యాంకే కాదు. సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దించిన గుంత, అడుగున ఉత్త మట్టి. ట్యాంకంటే అడుగూ గోడలూ కారకుండా కట్టి, మధ్యలో అడ్డగోడ పెట్టి, గట్టిదంతా అడుక్కి దిగేలా చేసేది. అది కూడా సగం పనే చేస్తుంది. బయటికొచ్చే నీళ్ళలో క్రిములుంటాయి, భూమిలో నైట్రేటుగా మారే నత్రజని ఉంటుంది.

మురుగు ఇంకే గుంతకూ తాగే నీళ్ళ బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలన్నది పాత లెక్క. మన 30×40 అడుగుల సైటులో ఈ మూల నుంచి ఆ మూలకు టేపు పట్టండి. 50 అడుగులు, అంటే 15 మీటర్ల పైచిలుకు. పిట్టు ఒక మూల, బోరు ఎదుటి మూల వేసినా దూరం చాలదు. పక్కింటి పిట్టు మన కాంపౌండు గోడను ఆనుకుని ఉంటుంది, దాన్ని లెక్కలోకే తీసుకోం. "బాగానే పనిచేస్తోంది" అంటే పొంగటం లేదని, అంతే.

"మ్యాన్‌హోలు గేటు ముందే ఉంది కదా, పూట పని."

పూట పనో నాలుగు రోజుల పనో మ్యాన్‌హోలు అడుగు ఎంత లోతులో ఉందో చూస్తేగానీ తెలీదు. అంతా పైపు వాటం, అంటే వాలు మీద ఉంది. 4 అంగుళాల పైపయితే 40 అడుగులకు ఒక అడుగు దిగాలి, 6 అంగుళాలదయితే 60కి ఒకటి. బాత్రూములు ఇంటి వెనకుండి, 4 అంగుళాల పైపు 50 అడుగులు నడవాలంటే 15 అంగుళాలు దిగాలన్నమాట. వెనక అడుగున్నర లోతులో మొదలైతే గేటు దగ్గరికి రెండు ముప్పావు అడుగులవుతుంది. బోర్డు లైను, అంటే వీధిలో వాటర్ బోర్డు వేసిన మురుగు లైను, అంతకన్నా కిందుండాలి. పాత ఇళ్ళతో ఇంకో తంటా ఉంది. తారు మీద తారు పోసి రోడ్డు లేస్తూ పోయింది, ఇల్లు ఉన్నచోటే ఉండిపోయింది.

దీనికి నేనే సాక్ష్యం. కొత్తల్లో ఒక ఇంట్లో ఓనరు తొందరపెట్టాడని లోతు కొలవకుండా వెనక నుంచి పైపు పరుచుకుంటూ వచ్చాను. చివరి పదడుగులకు వాటం మిగల్లేదు. మూడు నెలల్లో జామయింది. నా డబ్బుతోనే మళ్ళీ తవ్వాను. అప్పట్నుంచి నీళ్ళ ట్యూబుతో లెవెలు చూశాకే గడ్డపార ఎత్తుతాను. రోడ్డు తవ్వాలంటే పర్మిషన్ కావాలి, కనెక్షన్ బోర్డు లైసెన్సున్న ప్లంబరు ద్వారానే. రాత్రికి రాత్రి చాటుగా కలిపేస్తామనేవాళ్ళను గేటు దాటనివ్వకండి.

"పైపు పిట్టు దాకా ఉంది, అక్కణ్ణుంచి రోడ్డుకు లాగేస్తే సరి."

ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ చెరుపు చేసేదీ ఇదే. పిట్టును దారిలో ఉంచితే మురుగు అక్కడే నిలిచి కుళ్ళుతుంది. కుళ్ళిన నీళ్ళలోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడు గ్యాసు తడి సిమెంటు మీద ఆమ్లంగా మారి ఛాంబర్లనీ పైకప్పునీ తినేస్తుంది. పైగా మీరు పిట్టు ఖర్చూ తప్పించుకోలేదు, అది నిండుతూనే ఉంటుంది. కొత్త పైపు పిట్టును పక్కకు వదిలేసి నేరుగా పోవాలి.

వదిలేసిన పిట్టు మీద టైల్స్ వేసి కారు పార్కు చేసే ఇళ్ళు చూస్తే నాకు భయం. లోపల్నుంచి పుచ్చిపోయిన స్లాబు ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. సక్షన్ లారీతో ఖాళీ చేయించాలి. ట్యాంకయితే నీళ్ళు నిలవకుండా అడుగున బొక్కలు పెట్టించాలి, మనిషిని దించకుండా పైనుంచే. తర్వాత మట్టీ ఇసుకా అడుగడుగున పోసి తడిపి దిమ్మిస కొట్టాలి.

ఎంత ఖాళీ అయినా పిట్టులోకి మనిషిని దింపకూడదు. "అగ్గిపుల్ల వెలిగించి చూద్దాం, వెలిగితే గాలి ఉన్నట్టే" అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. లోపల మీథేను ఉంటే ఆ పుల్లే పేలుడు. కుళ్ళిన గుడ్డు వాసన పోయిందంటే గ్యాసు పోయిందనుకోవడమూ తప్పే. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది. మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపించినవాళ్ళకు మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "వాడే దిగుతానన్నాడు సార్" అన్నా చెల్లదు.

"వాన నీళ్ళ పైపు కూడా అందులోకే కలిపెయ్యి."

కలపను. పెద్ద వాన వస్తే వీధిలోని మిద్దెల నీళ్ళన్నీ యూజీడీలోకి దిగి, అందరికన్నా పల్లంలో ఉన్న ఇంటి బాత్రూములోంచి పైకి తన్నుతాయి. మీ ఇల్లే పల్లంలో ఉంటే గేటు దగ్గర నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పెట్టించుకోండి, తెరిచి కడిగే వీలుండేలా. వాన నీళ్ళు సంపుకో ఇంకుడు గుంతకో పోవాలి.

ఇక చిన్నవి. యూజీడీ వస్తే ఏది వేసినా పోతుందన్నది అబద్ధం. ప్యాడ్లు, తడి వైప్స్ (తుడుచుకునే తడి కాగితాలు), ఆవకాయ జాడీ కడిగిన నూనె, మూడూ పైపుకు శత్రువులే. కలిపాక కూడా వాసనొస్తే లైనును తిట్టకముందు వాడని బాత్రూములో ఒక చెంబు నీళ్ళు పొయ్యండి. వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిచే వంపు, అంటే ట్రాపు, ఎండిపోయి ఉంటుంది.

"ఎలాగూ అదంతా చెరువుకే కదా పోయేది" అని ఒకాయన అన్నాడు. లైను శుద్ధి కేంద్రం దాకా పూర్తికాని చోట్ల అది నిజమే, రాజకాలువలోకి, అంటే పెద్ద వాననీటి కాలవలోకి పోతోంది. కానీ కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీళ్ళను 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపు చేస్తున్నారు. ఊరికి పోయే బస్సులోంచి ఒకప్పుడు పగుళ్ళిచ్చిన చెరువుల్లో ఇప్పుడు నీళ్ళు కనిపిస్తాయి.

చివరగా ఒక చిన్న పని. పైపు కోసం తవ్విన కాలవ పూడ్చకముందు గోడ నుంచి ఎంత దూరం, ఎంత లోతు, మూల ఎక్కడ తిరిగిందో టేపు కనిపించేలా ఫోటోలు తీసి ఇంటి ఖాతా (ఆస్తి రికార్డు) కాగితాలతో పాటు పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత జామయితే వచ్చే ప్లంబరు నేను కాకపోవచ్చు, మీ టైల్స్ అన్నీ పగలగొట్టి వెతుకుతాడు.