అమ్ముడుపోనన్న సెంటర్ ఫీల్డర్

2024 డిసెంబరులో హువాన్ సోటో అనే అవుట్‌ఫీల్డర్ (మైదానం వెనుక భాగంలో ఫీల్డింగ్ చేసేవాడు) న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టుతో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదుర్చుకున్నాడు. పాత ఒప్పందం తీరింది కాబట్టి ఏ జట్టుకు ఆడాలో తానే తేల్చుకున్నాడు. అమెరికా బేస్‌బాల్‌లో ఈ స్వేచ్ఛ మొదటి నుంచీ ఉన్నది కాదు. దాని కోసం కోర్టుకెక్కి తన ఆటనే పోగొట్టుకున్న ఇంకో అవుట్‌ఫీల్డర్ ఉన్నాడు. పేరు కర్ట్ ఫ్లడ్.

1938లో హ్యూస్టన్‌లో పుట్టి ఓక్లాండ్‌లో పెరిగాడు. అమెరికా దక్షిణాదిలో, కింది స్థాయి పోటీలైన మైనర్ లీగ్ ఆడే రోజుల్లో ఒకసారి రెండు ఆటల మధ్య విరామంలో చెమటతో తడిసిన తన యూనిఫాం విప్పి, తెల్ల ఆటగాళ్ల బట్టల కుప్పలో వేశాడు. అక్కడి పనివాడు చేత్తో ముట్టుకోకుండా కర్రతో దాన్ని వేరుచేశాడట. నల్లవాళ్ల బట్టలు వేరే చోట ఉతికించాలి మరి. ఆ అవమానాన్ని ఫ్లడ్ జీవితాంతం మర్చిపోలేదు.

1958 నుంచి సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకు అవుట్‌ఫీల్డ్ మధ్యభాగమైన సెంటర్ ఫీల్డ్‌లో ఆడాడు. మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర ముగ్గురు చేసే పని ఒక్కడే చేసినట్టుండేది అతని ఫీల్డింగ్. 1963 నుంచి వరసగా ఏడు సార్లు, ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ గెలిచాడు. 1966 సీజన్ మొత్తంలో ఒక్క ఫీల్డింగ్ తప్పు (ఎర్రర్) కూడా చేయలేదు. మొత్తం 226 ఆటల పాటు అతని పేరున ఎర్రర్ లేదు. 1964లో, 1967లో కార్డినల్స్ ఆ ఏటి ఛాంపియన్‌ను తేల్చే ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు మధ్యలో నిలబడింది అతనే.

అంతటి ఫీల్డర్‌కూ ఒక చెడ్డ రోజు వచ్చింది. 1968 ప్రపంచ సిరీస్ ఏడో ఆట, ఏడో ఇన్నింగ్స్, స్కోరు 0-0. డెట్రాయిట్ ఆటగాడు జిమ్ నార్త్‌రప్ కొట్టిన బంతి కోసం ఫ్లడ్ ముందుకు అడుగేశాడు. అంచనా తప్పిందని తెలిసి వెనక్కి తిరిగేలోపు కాలు జారింది. బంతి తలమీదుగా వెళ్లింది, రెండు పరుగులు వచ్చాయి, సిరీస్ పోయింది. ఏళ్ల తరబడి పట్టిన బంతులకంటే వదిలిన ఆ ఒక్కదాన్నే జనం ఎక్కువ గుర్తుపెట్టుకోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

1969 అక్టోబరులో క్లబ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: నిన్ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేశాం. అడగడాలేం లేవు. అప్పటి ఒప్పందాల్లో 'రిజర్వ్ క్లాజ్' అనే షరతు ఉండేది. దాని ప్రకారం గడువు తీరినా ఆటగాడు ఆ క్లబ్ సొత్తే. వాళ్లు వదిలేస్తే తప్ప ఇంకో జట్టుతో మాట్లాడటానికి కూడా లేదు. బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని 1922లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు యజమానులకు అండగా ఉంది.

డిసెంబరు 24న ఫ్లడ్ బేస్‌బాల్ లీగ్‌ల అధిపతి అయిన కమిషనర్ బౌవీ కూన్‌కు ఉత్తరం రాశాడు. పన్నెండేళ్లు ఆడాక, నా ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మే వస్తువును నేనని అనుకోవడం లేదు అన్నది అందులోని మాట. ఏడాదికి 90 వేల డాలర్లు తీసుకుంటూ ఈ మాటేమిటని చాలామంది నోరు పారేసుకున్నారు. ఆటగాళ్ల సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్ మాత్రం ముందే హెచ్చరించాడు, కోర్టుకెళ్తే గెలిచే అవకాశం తక్కువని, కెరీర్ పోతుందని. అయినా ఫ్లడ్ ఆగలేదు, దావా వేశాడు, సంఘం అతని వెంట నిలిచింది.

విచారణలో మాజీ ఆటగాళ్లు జాకీ రాబిన్సన్, హ్యాంక్ గ్రీన్‌బర్గ్ అతని తరఫున సాక్ష్యం చెప్పారు. అప్పుడు ఆడుతున్న ఆటగాడు మాత్రం ఒక్కడూ రాలేదు. 1970 సీజన్ మొత్తం ఫ్లడ్ ఆడలేదు. 1971లో వాషింగ్టన్ సెనేటర్స్‌కు 13 ఆటలు ఆడి, ఇక శరీరం, మనసు సహకరించక స్పెయిన్ వెళ్లిపోయాడు. 1972 జూన్ 19న సుప్రీంకోర్టు 5-3తో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. పాత తీర్పు వింతగానే ఉందని ఒప్పుకుంటూనే, దిద్దాల్సింది అమెరికా చట్టసభ కాంగ్రెస్ అని వదిలేసింది.

కానీ గోడకు బీట పడింది. పదేళ్లు ఆడి, చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాణ్ణి అతని అనుమతి లేకుండా వేరే జట్టుకు ఇవ్వకూడదన్న నియమం 1973లో వచ్చింది. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇద్దరు పిచర్ల (బంతి విసిరే ఆటగాళ్ల) కేసులో ఇచ్చిన నిర్ణయంతో రిజర్వ్ క్లాజ్ కూలిపోయింది. అప్పటికి ఫ్లడ్ ఆట ముగిసి నాలుగేళ్లు దాటింది.

1997 జనవరి 20న గొంతు క్యాన్సర్‌తో 59 ఏళ్లకే చనిపోయాడు. మరుసటి ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు క్లింటన్ 'కర్ట్ ఫ్లడ్ చట్టం' మీద సంతకం చేశాడు. అది పై స్థాయి అయిన మేజర్ లీగ్ ఆటగాళ్లకే వర్తిస్తుంది. ఫ్లడ్ బట్టల్ని కర్రతో తోసింది మైనర్ లీగ్‌లో. అక్కడివాళ్లను ఆ చట్టంలో చేర్చలేదు.