పేలని బాంబు, ఖాళీ అయిన ఊరు

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో పిల్లలు ఎక్కడ ఆగినా ఆగకపోయినా జపాన్ బాంబు దగ్గర ఆగుతారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో పడి పేలకుండా మిగిలిపోయిన బాంబు అది. ఈ మధ్య నేను వెళ్లినప్పుడు ఓ ఎనిమిదేళ్ల కుర్రాడు దాని ముందు నిలబడి, "ఇప్పుడు పేలుతుందా నాన్నా?" అని అడుగుతున్నాడు. తండ్రి ఏం చెప్పాలో తెలియక నవ్వాడు. పక్కనే ఉన్న ఓ పెద్దాయన అందుకున్నారు. "పేలదు బాబూ. ఇవి పడ్డ రోజుకి మా అమ్మకి నీ అంత వయసు. పొయ్యి మీద అన్నం కుండ అలాగే వదిలేసి, బండి కట్టుకుని అనకాపల్లి వైపు పోయారంట." ఆ తర్వాత పది నిమిషాలు ఆ కుర్రాడు అక్కణ్ణుంచి కదల్లేదు.

విశాఖలో మ్యూజియంల మాట వస్తే చాలు, కొత్తగా ఏం తెచ్చి పెడదాం అన్న దగ్గరే చర్చ మొదలై అక్కడే ఆగిపోతుంది. తెచ్చినవాటి పక్కన నిలబడి చెప్పేది ఎవరన్న ప్రశ్న దాకా రాదు. ఎందుకిలా అయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అసలు జపాన్ విమానాలు ఇక్కడికెందుకు వచ్చాయి? పోర్టు కోసం. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రం దాకా తేవడానికి రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం వేశారు. దానికి తోడు ఇక్కడ ఉప్పుటేటి బురద నేలను తవ్వి రేవు కట్టారు. అలల తాకిడి నుంచి, కొట్టుకొచ్చే ఇసుక నుంచి రేవు ముఖద్వారాన్ని కాపాడటానికి రెండు పాత ఓడలను కావాలనే సముద్రంలో ముంచి అడ్డుకట్టగా వాడారు. 1933 అక్టోబరు 7న 'జల దుర్గ' అనే ఓడ లోపలికొచ్చింది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. పది నెలలు తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, 'ర్యూజో' అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి వెళ్లిపోయింది. ఆ నాటి భయం తాలూకు గుర్తుగా మ్యూజియంలో ఉన్నది ఆ ఇనుప ముద్ద. వదిలేసిన అన్నం కుండ సంగతి మాత్రం ఇళ్లలోనే ఉంది.

ఈ మ్యూజియం 1991 అక్టోబరు 8న మొదలైంది. డచ్ బంగళాగా పేరున్న పాత భవనంలో కళింగాంధ్ర ప్రాంతపు ఆయుధాలు, నాణేలు, పట్టుబట్టలు, చిత్తరువులు, ఉత్తరాలు, పటాలు ఒకచోట చేర్చారు. అదే ఆవరణలో రెండో భవనాన్ని సముద్ర చరిత్రకు కేటాయించారు. నగరపాలక సంస్థ తన ఊరి చరిత్ర కోసం ఇంత చోటు ఇవ్వడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత పదేళ్లకు కురుసుర వచ్చింది. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకున్న సబ్‌మెరైన్. 91 మీటర్ల ఆ ఉక్కు శరీరాన్ని సముద్రంలోంచి రామకృష్ణా బీచ్ ఇసుక మీదకు లాగి నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. 2002 ఆగస్టులో జనం చూడ్డానికి తెరిచారు. లోపలికి వెళ్లినవాళ్లకు తెలుసు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలు ఎత్తి దూరాలి. టార్పెడోల పక్కనే పడకలు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాల్సినంత ఇరుకు. ఇవన్నీ ఎవరూ చెప్పకపోయినా కళ్లకు కనబడతాయి. కానీ కురుసురకి అంత పేరు రావడానికి, నా ఉద్దేశంలో, అసలు కారణం వేరే. అక్కడ దారి చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. నీళ్ల కింద బతుకు ఎలా ఉంటుందో వాళ్లు చెబుతుంటే, ఆ పడక మీద పడుకున్న మనిషి మన కళ్లముందు లేచి కూర్చుంటాడు.

2017లో ఎదురుగా టీయూ-142 విమానం కూడా వచ్చి చేరింది. 1971 యుద్ధ విజయ స్మారకం అంతకు ముందే ఉంది. నౌకాదళానికి ఈ ఊరితో ఉన్న బంధానికి ఇవన్నీ తగినవే. అయితే బీచ్ రోడ్డు మీద నడిచిపోయే కొత్తవాడికి విశాఖ చరిత్ర అంటే యుద్ధమేననిపిస్తే తప్పు వాడిది కాదు.

యుద్ధం కాని చరిత్రా ఇక్కడ చాలా ఉంది. తొట్లకొండ మీది బౌద్ధారామం సంగతే చూడండి. కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 1976లో నౌకాదళం సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే ఆ బౌద్ధ భిక్షువుల కాలానికే ఈ తీరానికి రోమ్ సొమ్ము చేరింది. బావికొండ, పావురాళ్లకొండ కూడా అంతే, పేరులోనే సగం కథ ఉంది. డాబాగార్డెన్స్‌లో రోజూ బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు, అక్కడ 1840ల నాటికే గోడె వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో ఆకాశాన్ని పరిశీలించే వేధశాల కట్టించారని? ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని ఆ వేధశాల నుంచే పరిశీలించారు. ఏవీఎన్ కాలేజీలోని మూడక్షరాలు ఆయనవే.

వీటిని అద్దాల పెట్టెలో పెట్టలేం. నడిపించి చూపించాలి. వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ విశాఖ విభాగం వన్‌టౌన్ వీధుల్లో చేయించే వారసత్వ నడకల విలువ అక్కడుంది. కురుపాం మార్కెట్, టౌన్‌హాల్, రేవు ఒడ్డున గుడి, మసీదు, చర్చి పక్కపక్కనే ఉన్న మూడు కొండలు, అన్నీ కాలినడకన చుట్టి రావచ్చు. అలాంటి నడక ఒకటి మ్యూజియం మెట్ల దగ్గర మొదలై, నెలకోసారైనా బడిపిల్లలతో సాగితే బాగుంటుంది.

ఇంకో పని మాత్రం ఆలస్యం చేయకూడనిది. 1942లో ఎనిమిదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తొంభై దాటారు. ఎక్కడికి పారిపోయారు, ఎవరింట్లో తలదాచుకున్నారు, తిరిగొచ్చేసరికి ఇల్లు ఎలా ఉంది, ఇవన్నీ వాళ్ల గొంతులోనే రికార్డు చేసి ఆ బాంబు పక్కన వినిపించాలి. దానికి కొత్త భవనం అక్కర్లేదు. ఒక ఫోను, ఓపికున్న ఇద్దరు కుర్రాళ్లు చాలు. జాలరిపేటలో మొదలుపెట్టొచ్చు.

ఆ రోజు కుర్రాడు చివరగా ఇంకో ప్రశ్న వేశాడు. "విమానాలు ఎటునుంచి వచ్చాయి తాతా?" పెద్దాయన వాడి చెయ్యి పట్టుకున్నారు. "రా, చూపిస్తా" అంటూ గేటు దాటి రోడ్డు అవతలికి, సముద్రం కనబడే చోటికి తీసుకెళ్లారు. వెనకాలే తండ్రి, ఆ వెనకాల నేను.