సైటేషన్ల లెక్కకు అందని భీమవరం శాస్త్రవేత్త

ఒక శాస్త్రవేత్త రాసిన పేపర్‌ను మిగతావాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారు? దీన్నే సైటేషన్ల లెక్క అంటారు. ఇవాళ ప్రమోషన్లకీ, పరిశోధన నిధులకీ చాలాచోట్ల చూసేది దీన్నే. ఈ లెక్క ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ తప్పుతుందో తెలుసుకోడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పని చూస్తే చాలు.

కొంత మామగారి డబ్బు, కొంత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం. వాటితో 1923లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. ప్రోటీన్లు తీసేసిన ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, తర్వాత ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. ఈ చిన్న పేపర్‌కి వేలకొద్దీ సైటేషన్లు వచ్చాయి. రావాలి కూడా, ఎందుకంటే భాస్వరం కొలవాల్సిన ప్రతి ల్యాబుకూ అది కావాలి. అదే పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తూ పోతే కండరానికి శక్తినిచ్చే రెండు పదార్థాలు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ, బయటపడ్డాయి (ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనిపెట్టాడు). కండరం బిగుసుకోడానికి శక్తి ఎక్కడిదో అప్పటిదాకా అనుకున్న కథ అక్కడితో మారిపోయింది.

అసలు విషయం ఆ తర్వాతది. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు, తిన్నది పేగులకు ఒంటబట్టని రోగం అది, ఆయన్నూ వదల్లేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది, 1945లో ప్రకటించింది. స్ప్రూకీ, కొన్నిరకాల రక్తహీనతకీ అది మందైంది.

కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏకి నకలు తీసుకోవాలి, దానికి ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఫోలిక్ ఆమ్లం కోవకు చెందిన మందు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. మరి దాన్ని అందకుండా చేస్తే? అందుకు కావాల్సిన పదార్థాలు సుబ్బారావు గారి బృందమే చేసిపెట్టింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్ ఒకటుంది, అమినోప్టెరిన్ అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది కాబట్టి నేరుగా అందులోకి వెళ్లి కూర్చుంటుంది. ధవళేశ్వరం లాకుల్లో పడవ ఇరుక్కుంటే వెనకొచ్చేవన్నీ కాలవలోనే ఆగిపోతాయే, అలాగే. డీఎన్‌ఏకి సరుకు అందక కణం చీలలేదు.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్లు తగ్గింది. కొన్నాళ్లే, కానీ అప్పటిదాకా ఆ పిల్లల విషయంలో వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ పేపర్ రాసినవాళ్లుగా అయిదు పేర్లున్నాయి, సుబ్బారావు పేరు లేదు. ఆగస్టులో ఆయనే పోయారు, 53 ఏళ్లకే.

ఇక్కడే నాకు ఈ లెక్క మీద నమ్మకం పోతుంది. పేపర్ మీద పేరుంటేనే అది పనిచేస్తుంది. ఒకవేళ పేరున్నా, కనిపెట్టిన విషయం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి అందరి సొత్తూ అయిపోయాక మూల పేపర్‌ను ప్రస్తావించడం మానేస్తారు, ఈ సంగతి రాబర్ట్ మెర్టన్ అనే సమాజ శాస్త్రవేత్త ఎప్పుడో చెప్పాడు. ఏటీపీ గురించి రాసేవాళ్లెవరూ ఇప్పుడు 1929 దాకా వెనక్కి వెళ్లరు. నీలం రంగు పద్ధతికి వచ్చిన సైటేషన్లు న్యాయమైనవే, కానీ వాటిని బట్టి ఈ మనిషి ఎంతటివాడో చెప్పమంటే చెప్పలేం.

మన డెల్టా ఇళ్లలో చూడండి. గర్భిణికి ఆశా వర్కర్ ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంది. బోదకాలు రాకుండా ఊరూరా మింగించిన డీఈసీ మాత్ర లెడర్లేలో ఆయన హయాంలో వచ్చిందే. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కి తమ్ముడు లాంటిది, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి డాక్టర్లు మళ్లీ ఫోలిక్ ఆమ్లమే రాస్తారు. లుకేమియా పిల్లలకు నెలల తరబడి సాగే చికిత్సలోనూ ఇప్పటికీ అదే మెథోట్రెక్సేట్ ఉంటుంది.