మునిగిన రోమన్ ఓడ: అపోహలు - వాస్తవాలు

అపోహ: మునిగిన ఓడ అంటే నిధి.

వాస్తవం: దొరికేది ఎక్కువగా సరుకే. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మద్రాగ్ ద జియాన్ ఓడనే తీసుకోండి. క్రీ.పూ. 75-60 మధ్య మునిగింది. పొడవు 40 మీటర్లు, మోసే బరువు దాదాపు 400 టన్నులు. ఇంతా చేసి అది తెచ్చింది ఇటలీ వైన్! ఆరేడు వేల ఆంఫోరాల్లో నింపి, మూడు వరుసలుగా పేర్చారు. ఆంఫోరా అంటే రెండు చెవుల పొడవాటి మట్టి జాడీ. నిండితే 50 కిలోలు తూగుతుంది. ఒకదానికొకటి తగిలి పగలకుండా మధ్యలో తుంగ, పొదల రెమ్మలు కుక్కారు. బంగారం సంగతేమో గాని, సముద్రం అడుగున తవ్వే పురావస్తు శాస్త్రవేత్తలం, మాకు ఆ తుంగే ముద్దు.

అపోహ: ఓడ అడుగున చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది.

వాస్తవం: సినిమాల్లో ఉంటుంది. మాకు కనిపించేది జాడీల దిబ్బ. ఇసుకలో కూరుకోకుండా బయట ఉన్న కలపను టెరెడో అనే జీవి తినేస్తుంది. చూడటానికి పురుగే, జాతికి మాత్రం ఆల్చిప్ప. సరుకు బరువుకు ఇసుకలో కూరుకుపోయిన అడుగుభాగమే, ఆక్సిజన్ అందక, మిగులుతుంది.

అపోహ: వస్తువులను పైకి తీస్తే పని అయిపోయినట్లే.

వాస్తవం: 1950లో ఇటలీలోని అల్బెంగా దగ్గర అలాగే తీశారు, ఇనుప పంజా దించి. జాడీలైతే వచ్చాయి, చాలావరకు ముక్కలై. ఏది ఎక్కడ ఉండేదో ఇక ఎవరు చెప్పగలరు? జియాన్‌లో 1972-82 మధ్య ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్తలు చెర్నియా, పొమేల బృందం ఒక్కో వరుసనూ ఫొటోలు తీసి, కొలతలు రాసుకున్నాకే కదిలించింది. ఇలాంటి చోట అరచేతితో నీటిని విసురుతూ ఇసుక లేపుతాం, లేచినదాన్ని గొట్టం పీల్చేస్తుంది. పార పట్టేవాళ్లకు ఇక్కడ చోటు లేదు.

అపోహ: రెండు వేల ఏళ్లుగా ఆ ఓడను ఎవరూ ముట్టుకోలేదు.

వాస్తవం: అన్నిటికన్నా నాకు నచ్చే సంగతి ఇది. జియాన్ దిబ్బలో కొంత మేర జాడీలు లేవు. వాటికి బదులు రాళ్లు ఉన్నాయి, అవీ ఓడవి కావు, ఆ చోటివీ కావు. ఓడ మునిగిన కొద్ది కాలానికే రోమన్ గజ ఈతగాళ్లు బరువు కోసం రాయి పట్టుకుని, దాదాపు 20 మీటర్ల లోతుకు ఒక్క ఊపిరితో దిగేవారు. రాయి అక్కడే వదిలేసి, జాడీని తాడుకు కట్టి పైకి పంపేవారు. ఇక్కడా పంజా దించి ఉంటే, ఆ రాళ్లను ఉత్త రాళ్లనుకుని సముద్రంలోకే విసిరేసేవారు.