తల్లిపాలలో ఏవి తగ్గుతాయి, ఏవి తగ్గవు

ప్రసవమైన తరువాత ఆరు నెలలపాటు బాలింతకు రోజూ ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్ర, కాల్షియం మాత్రలు ఇస్తారు. ఇవి పాల ద్వారా బిడ్డకు చేరడానికేనని చాలామంది అనుకుంటారు. నిజానికి తల్లి రక్తహీనతతో ఉన్నా పాలలోని ఇనుము, ఫోలేట్, కాల్షియం పెద్దగా తగ్గవు. ఆమె శరీరం తన నిల్వలను, ఎముకలలోని కాల్షియాన్ని సైతం ఖర్చు చేసి ఆ లోటు పాలకు రానివ్వదు. ఆ మాత్రలు ప్రధానంగా ఆమె కోసమే.

బి1, బి12, ఎ, డి విటమిన్ల సంగతి వేరు. తల్లిలో ఇవి తగ్గితే పాలలోనూ తగ్గుతాయి. బి1, అంటే థయమిన్, శరీరంలో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. అందువల్ల పాలిష్ పట్టిన బియ్యాన్ని పలుమార్లు కడిగి, గంజి వార్చి, ఆ అన్నంలో కారప్పొడి తప్ప మరేమీ కలపనివ్వని కఠినమైన బాలింత పత్యం మొదట దెబ్బతీసేది దీన్నే. అటువంటి తల్లి పాలే ఆధారమైన బిడ్డ రెండు మూడు నెలల వయసులో పాలు మాని, గొంతు బొంగురుపోయి, ఆయాసపడుతూ గుండె వైఫల్యానికి లోనుకావచ్చు. ఈ శిశు బెరిబెరిని గుర్తించి థయమిన్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ సాధారణంగా గంటల్లోనే తేరుకుంటుంది; గుర్తించకపోతే ప్రాణాపాయం. వడ్లను ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్ కొంత గింజలోకి చేరుతుంది. కరీంనగర్, పెద్దపల్లి మిల్లులు అలా తయారుచేసే ఉప్పుడు బియ్యం చాలావరకు బయటి రాష్ట్రాలకు పోతుంటే, ఇక్కడి ఇళ్లలో ఉడికేది పచ్చిబియ్యమే.

బి12 కాలేయంలో ఏళ్ల తరబడి నిలుస్తుంది కనుక కొద్ది వారాల పత్యంతో తరిగిపోదు. పాలు, గుడ్డు, మాంసం ఏళ్లుగా అంతంతమాత్రంగా తిన్న తల్లి బిడ్డకే ముప్పు: నవ్వడం తగ్గి, నిలిపిన మెడను మళ్లీ వాల్చేసి, వేళ్ల కణుపులు నల్లబడి, కొందరిలో చేతులు వణకడం కూడా మొదలవుతుంది. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో భోజనంతోపాటు పెట్టే గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇక్కడే అక్కరకు వస్తాయి. బాలింతకు గుడ్డు పడదన్న మాటకు ఆధారం లేదు.

డి విటమిన్ విషయంలో తల్లి తిండి బాగున్నా చాలదు. బిడ్డకు రోజుకు 400 యూనిట్లు కావాలి. లీటరు పాలలో సాధారణంగా 80 యూనిట్లైనా ఉండవు. వరంగల్‌లో ఎండకు కొదవేమిటని అడగవచ్చు, కానీ తల్లీబిడ్డలు వారాల తరబడి గదిలోనే ఉంటారు, పైగా నల్లని చర్మంలో ఈ విటమిన్ నెమ్మదిగా తయారవుతుంది. తల్లికే రోజుకు 6,400 యూనిట్లు ఇస్తే పాల ద్వారా బిడ్డకు సరిపోయిందని 2015లో ఒక అమెరికా అధ్యయనం చూపినా, అంత మోతాదు వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడదగినది కాదు. ఏడాది నిండేదాకా బిడ్డకే నేరుగా చుక్కల మందు వేయడం తేలిక. అయితే మిల్లీలీటరుకు 400 యూనిట్లున్న సీసాలూ, 800 ఉన్నవీ దుకాణాల్లో దొరుకుతాయి కాబట్టి, సీసా మారినప్పుడల్లా దానిపై రాసిన మోతాదు చదివి, ఆ సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవాలి.