పాత ఇల్లు కొనేముందు చెదల జాడ చూడటం ఎలా?

మన ఊళ్ళలో ఇళ్ళను పాడుచేసేవి ఎక్కువగా నేలలో కాపురముండే చెదలు. వీటి ఒళ్ళు మెత్తన, పొడిగాలి తగిలితే ఎండిపోతాయి. అందుకే నేల నుంచి చెక్క దాకా మట్టిని ఉమ్మితో కలిపి గొట్టంలా కట్టుకుని, దానిలోపలే తిరుగుతాయి. గోడ మీద పెన్సిలంత మందాన పాకిన ఆ మట్టిచార కోసమే వెతకాలి.

వెంట టార్చి, స్క్రూడ్రైవర్ చాలు. తడి ఉన్నచోట మొదలుపెట్టండి: బాత్రూమ్ గోడకు ఆనుకున్న గది, వంటింటి సింకు కింద, మెట్ల కింద. ద్వారబంధం నేలను తాకే జానెడు మేర అన్నిటికన్నా ముఖ్యం. చెదలు లోపలి చెక్కను తినేసి పైన రంగుపొరను అలాగే వదిలేస్తాయి కాబట్టి కంటికి ఏమీ తెలియదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే ఇంటివారి అనుమతితో మొనను గుచ్చి చూడండి. బంధానికి కింది భాగంలోనే కొత్త రంగో, లప్పమో కనిపిస్తే అక్కడ మరీ శ్రద్ధగా తట్టాలి. టేకు కదా అని వదిలేయొద్దు, చేవలేని లేతచెక్కను ఇవి తింటాయి. కబోర్డుల వెనక పలక, అటక, బయట పునాది చుట్టూ పోసిన తోటమట్టి కూడా చూడండి. పై అంతస్తు ఫ్లాటయినా పైపుల సందుల్లోంచి, కరెంటు గొట్టాల్లోంచి ఎక్కి రాగలవు.

మట్టిచార కనిపిస్తే మధ్యలో అంగుళం మేర గీకేసి, రెండు మూడు రోజులకు మళ్ళీ వెళ్ళండి. పూడ్చి ఉంటే చెదలు ఇప్పటికీ తిరుగుతున్నట్టే. పూడ్చకపోతే మాత్రం లేవని అనుకోకూడదు, దారి మార్చి ఉండొచ్చు. చెక్కకు సన్నని గుండ్రటి రంధ్రాలుండి, పిండిలాంటి పొడి రాలుతుంటే అది పుప్పిపురుగు పని. దాని మందు వేరు.

చెదలు ఉన్నంతమాత్రాన బేరం వదులుకోనక్కర్లేదు. బంధాలు, కబోర్డులు మార్చే ఖర్చు, మందు ఖర్చు లెక్కగట్టి ధరలో తగ్గించమనండి. కట్టిన ఇళ్ళకు మందు వేసే పద్ధతి భారతీయ ప్రమాణం (ఇండియన్ స్టాండర్డ్) ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. గోడ, నేల కలిసేచోట 30 సెంటీమీటర్లకొక రంధ్రం చేసి, ఒక్కోదానిలో లీటరు దాకా ద్రావణం పోయాలి. అంటే పదడుగుల గోడకు ఒకవైపే సుమారు 10 లీటర్లు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ అనే చెదల మందు అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. పని చెడేది ఎక్కువగా ఇక్కడే: డ్రిల్లు కాంక్రీటు దాటి మట్టి దాకా దిగదు, మందు పైపైనే నిలిచిపోతుంది. చెక్క మీద చల్లి వెళ్ళిపోతే ఆ చెదలే చస్తాయి, నేలలో రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది.

డ్రిల్లు పెట్టేముందే నేలలోని నీటిపైపులు, కరెంటు గొట్టాలు ఎటు వెళ్తున్నాయో గుర్తు పెట్టించండి. సంపుగానీ బావిగానీ బోరుగానీ ఉంటే పనివారికి ముందే చూపించాలి, మందు ఆ నీటిలోకి దిగకూడదు.